ఇటలీకి బదులు ఉత్తర జార్జియా

ఇటలీ కొండ ఊళ్ళు చూడాలని అక్కకి ఎన్నాళ్ళ నుంచో కోరిక. అక్క అంటే సొంత అక్క కాదు. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టాలో మా పక్క అపార్ట్‌మెంట్, ఆఫీసులో నా పక్క సీటు. ఆమె, బావగారు, నేను, నా రూమ్మేటు కలిసి టికెట్లు బుక్ చేసుకున్నాం. నేను లైబ్రరీలో ఇటలీ మీద ఉన్న పుస్తకాలన్నీ తెచ్చి చదివేశాను. తీరా బయలుదేరే ముందు బావగారి వీసా పొడిగింపు ఆగింది. అది తేలేదాకా దేశం దాటొద్దన్నాడు లాయరు.

టికెట్లు క్యాన్సిల్ చేసిన రోజు నుంచి అక్క ఆయనతో నేరుగా మాట్లాడటం మానేసింది. భోజనానికి పిలిచి, ఆయన ఎదురుగా కూర్చుని ఉండగానే, "సాంబారు ఇంకాస్త వేసుకోమను" అని నాతో చెప్పేది. నేను స్వతహాగా తక్కువ మాట్లాడే మనిషిని. ఆ నెలలో మాత్రం ఎన్నడూ లేనంత మాట్లాడాను. అందులో ఒక్క మాటా నాది కాదు.

చివరికి బావగారికే ఒక ఉపాయం తట్టింది. "ఉత్తరాన మన జార్జియా కొండలున్నాయి. ద్రాక్షతోటలున్నాయి. ఇటలీలో మాత్రం ఇంకేముంటాయి?" అంటూ ఒక శనివారం అందరినీ కారెక్కించారు. అక్క ఇటలీ కోసం కొన్న తెల్ల చొక్కా వేసుకుని, వెడల్పాటి గడ్డిటోపీ పెట్టుకుని వచ్చింది. పండక్కి వచ్చినట్టు కాదు, పంచాయితీకి వచ్చినట్టు కూర్చుంది.

జీపీఎస్‌ను కారు అద్దానికి అంటించుకునే రోజులవి. అది చెప్పే దారి కంటే బావగారు చెప్పే వర్ణనే ఎక్కువగా ఉంది.

"అదిగో చూడండి, అచ్చం ఇటలీయే!"

"అన్నా, అది గ్యాస్ స్టేషన్," అంది వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేటు.

"దాని వెనక కొండ చూడమ్మా!"

"రోడ్డు చూసి డ్రైవ్ చేయమను," అంది అక్క నాతో.

"బావగారూ, రోడ్డు..."

"వినపడింది తల్లీ."

చివరికి చేరిన వైనరీ, అంటే వైన్ తయారుచేసే తోట, మాత్రం నిజంగానే బాగుంది. రాతి గోడలు, ఎర్ర పెంకుల కప్పు, వాలు పొడుగునా ద్రాక్ష తీగెలు. అక్క ముఖం కొంచెం మెత్తబడింది. అంతలో బావగారు కౌంటర్ దగ్గర హైదరాబాద్ కెఫేలో చాయ్ చెప్పినట్టు వైన్ రుచి చూడటం కూడా వన్ బై టూ చెప్పేశారు. నలుగురికీ రెండే గ్లాసులు వచ్చాయి. ఒకటి ఆ దంపతులకి, ఒకటి మా ఇద్దరికి. నేను మా గ్లాసును రూమ్మేటు వైపు జరిపాను. తనకేం అభ్యంతరం లేదు.

గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలని, తిప్పి వాసన చూసి చిన్న గుక్క తీసుకోవాలని కౌంటర్ వెనకున్న నెరిసిన జుట్టు ఆవిడ చూపించింది. బావగారు ఒక గుక్క తాగి, గ్లాసు అక్క ముందు పెట్టారు.

అక్కకి ఎంగిలి పట్టింపు. మొగుడిదైనా సరే. గ్లాసు పెదవులకి తగలకుండా ఎత్తి పోసుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ ఆ అలవాటంతా స్టీలు గ్లాసుతో. ఆమె తల వెనక్కి వాల్చింది. టోపీ కిందపడింది. వంచిన ఎర్ర వైన్‌లో సగం నోట్లోకి, సగం తెల్ల చొక్కా మీదకి వచ్చింది.

"మీ దేశంలో ఇలా తాగుతారా?" అని అడిగింది ఆ నెరిసిన జుట్టు ఆవిడ.

"బాగా అనుభవం ఉన్నవాళ్ళే," అంది నా రూమ్మేటు ఇంగ్లీషులో, నవ్వకుండా.

ఆవిడ నమ్మింది. పక్కనున్న గడ్డం పెద్దమనిషి కూడా నమ్మి, తన గ్లాసెత్తి గడ్డానికి అభిషేకం చేసుకున్నాడు. ఇక బావగారు ఆగలేదు. అక్క ఒక్కతే నవ్వులపాలు కాకూడదనుకున్నారో ఏమో, ఆమె గ్లాసులో మిగిలిన వైన్ తీసుకుని అంతెత్తు నుంచి పోసుకున్నారు. అంతా కళ్ళజోడు మీదే పడింది.

"మీకు బుద్ధుందా అసలు? కళ్ళజోడు తీయండి! కళ్ళు మండుతున్నాయా?"

ఆ మాట అందించడానికి నేను అప్పటికే నోరు తెరిచాను. అవసరం లేదని అర్థమై మూసుకున్నాను. అక్క నాప్‌కిన్‌తో ఆయన ముఖం తుడుస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా నిలబడి తుడిపించుకుంటున్నారు.

వైన్ ముట్టనిది నేనొక్కదాన్నే కాబట్టి, తిరుగు దారిలో కారు నేనే నడిపాను. వెనక సీట్లో ఇద్దరూ దెబ్బలాట మొదలుపెట్టారు.

"వన్ బై టూ చెప్తారా ఎవరైనా?"

"నువ్వు తాగవు కదా అని."

"తాగనని నేను చెప్పానా? అడిగారా మీరు?"

"ఎలా అడగను? నాతో మాట్లాడితేగా!"

అక్క ముందుకు వంగి నన్నడిగింది. "నువ్వు చదివావు కదా, నిజం చెప్పు. ఇటలీ ఇలాగే ఉంటుందా?"

అద్దంలో బావగారు నా వైపే దీనంగా చూస్తున్నారు. ఆ నెలంతా ఇతరుల మాటలు మోసిన నాకు, సొంతంగా ఒక మాట చెప్పే అవకాశం వచ్చింది.

"ఉండదక్కా," అన్నాను. "ఇలా ఏం ఉండదు."

"విన్నారా? ఈ ట్రిప్పు లెక్కలోకి రాదు," అంది అక్క. "వీసా కాగితాలు రాగానే టికెట్లు బుక్ చేయండి."

నాతో కాదు, ఆయనతోనే.