సున్నా చూపించిన మీటరు

ఆ పేటలో కరెంటు మేస్త్రీని ఎవరూ సొంత పేరుతో పిలవరు, ‘మూడుసార్లు’ అంటారు. ఎంత చిన్న పనికి పిలిచినా ముందు సంచిలోంచి కరెంటు చూసే మీటరు తీస్తాడు. కరెంటున్న ప్లగ్గులో రెండు మొనలూ గుచ్చి, మీటరు సరిగ్గా అంకె చూపిస్తోందని రూఢి చేసుకుంటాడు. తర్వాత తాను ముట్టుకోవలసిన తీగ చూస్తాడు. మళ్లీ మొదటి ప్లగ్గు దగ్గరికే వచ్చి, ఈలోగా మీటరు మూగబోలేదని చూస్తాడు. “మీరు పని మొదలుపెట్టేసరికి మా పిల్లలకు పెళ్లిళ్లవుతాయి” అని జనం ఆటపట్టిస్తారు. వాళ్లకేం, పోయింది వాళ్లింటి మనిషి కాదుగా.

పోయింది అతని తమ్ముడు. తొమ్మిదేళ్ల కిందట ఇద్దరూ ఒక ఆఫీసులో పాత వైర్లు మారుస్తున్నారు. తమ్ముడి మీటరు అన్న చేతిలో ఉంది. అంతకుముందే అన్న దాంతో ఒక బ్యాటరీ చూసి, తిప్పే నాబ్‌ను బ్యాటరీలు కొలిచే డీసీ మీదే వదిలేశాడు. గోడల్లో పారేది ఏసీ. డీసీలో పెట్టి చూస్తే నిండా కరెంటున్న తీగ కూడా సున్నాయే చూపిస్తుంది. పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పే పాఠమిది.

“సున్నా. పట్టుకో” అన్నాడు.

తమ్ముడు పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు అన్న మాట కాదన్నది లేదు.

ఎలా జరిగిందని అందరూ అడిగితే, “వాడు చూసుకోలేదు” అన్నాడు. ఆ మాట గొంతులో ముల్లులా అలాగే ఉండిపోయింది.

మొన్న మరదలు, ఆ తమ్ముడి భార్య, ఫోన్ చేసింది. “బావగారూ, వంటింటి స్విచ్చు షాక్ కొడుతోంది. ఒకసారి వస్తారా?”

వెళ్లాడు. తీరా చూస్తే అతని మీటరులో అంకెలు మసకబారి ఉన్నాయి. బ్యాటరీ అయిపోవచ్చింది.

“మీటరేగా, ఆయనది ఉంది” అంటూ ఆమె బీరువాలోంచి గుడ్డసంచి తెచ్చింది. “ఆ రోజు మీవాళ్లు తెచ్చిచ్చినప్పటి నుంచి నేను దేన్నీ కదపలేదు.”

నాబ్ డీసీ మీదే ఉంది. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

“ఒకసారి షాపులో చూపించాను. నాబ్ తప్పు చోట పెట్టాడమ్మా అన్నారు” అంది. “ఇంత చిన్నది చూసుకోలేకపోయాడే, నన్నూ పిల్లనీ నడిరోడ్డు మీద వదిలేశాడే అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. పిల్లకీ అదే నూరిపోశాను, మీ నాన్నలా పరాకుగా ఉండకూ అని.”

ఇంకో తొమ్మిదేళ్లు నోరు కుట్టుకుని ఉండొచ్చు. అడిగేవాళ్లెవరూ లేరు. కానీ చచ్చినవాడు తాను చేయని తప్పుకు కన్నకూతురి దగ్గర కూడా మాటపడుతున్నాడని అతనికి ఇప్పుడే తెలిసింది.

“వాడు కాదమ్మా. అలా పెట్టింది నేను. సున్నా అని చెప్పిందీ నేనే.”

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ముందుగదిలోకి వెళ్లి భర్త ఫొటో ముందు నిలబడింది.

“నిన్ను అన్యాయంగా తిట్టానయ్యా” అనడం వంటింట్లోకి వినిపించింది.

అతను కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చి, మూడుసార్లు చూసి, స్విచ్చు బాగుచేశాడు. వెళ్లొస్తానని చెప్పకుండానే బయటికి నడిచాడు. ఆమె తలెత్తనూ లేదు.

ఇప్పుడు ఆ ఇంటికి వేరే మేస్త్రీ వస్తున్నాడు.