మూడు వందల గుర్రాలూ, రెండెద్దులూ

మా మామ పోయాడు. పోయిన నెల, ఎండ నడినెత్తిన ఉన్న వేళ, అన్నం తిని చెయ్యి కడుక్కోవడానికి లేచి పెరటి గడప దగ్గర కూలబడ్డాడట. అత్త ఫోన్ చేసి, "మీ మామ పోయినాడు పాపా, నువ్వు రా" అని మాత్రం అంది. నేను కడపలో పాఠాలు చెప్పే బడి నుంచే బస్సెక్కాను. మర్నాడు పొద్దున్నకల్లా ఊరి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. అందులో మామ ముఖం తపాలా బిళ్లంత. మిగతా చోటంతా ఎర్ర కారు. కింద 'అశ్రునివాళి' అని రాశారు. పోయింది మనిషా, కారా అని ఆ దారిన పోయే బస్సుల్లో జనం తప్పకుండా అడిగి ఉంటారు.

మామ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. ఆయన కార్ల గురించి మాత్రం ఒక్క మంచి మాట కూడా నా చేత కాదు. ఆయన బతికుండగా నేను ఆడని అబద్ధం ఇప్పుడెందుకు ఆడాలి?

మామంటే మా అమ్మకు అన్న. ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనులు చేసేవాడు. ఈ నాలుగైదేళ్లలో రాయి వ్యాపారం ఎట్లా పెరిగిందో మా జిల్లాలో అందరికీ తెలుసు. కలిసొచ్చినవాళ్లు హైదరాబాదులో ప్లాట్లు కొన్నారు, ఎత్తైన తెల్ల బండ్లు కొని వెనక గుంపును ఎక్కించుకుని తిరిగారు. అదీ గొప్పేమీ కాదు, కానీ ఆ బండ్లు కనీసం గుంతలు దాటేవి. మామ కొన్నవి వేరు. ఒకటి అమెరికాది, వయసులో నాకంటే పెద్దది. బొంబాయిలో ఎవరో సినిమాలకు పెట్టుబడి పెట్టే ఆసామి షెడ్డులో దుప్పటి కప్పుకుని పడి ఉంటే లారీ మీద తెచ్చాడు. ముదురాకుపచ్చ రంగు, మంచమంత బానెట్, ముందూ వెనకా తళతళలాడే ఇనుప బంపర్లు. బయటికి అంత ఆకారం, వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. రెండోది ఇటలీది. ఎర్రది, బెంగళూరులో కొన్నాడు, ఇద్దరికే చోటు. ఎక్కడం అనే మాట దానికి సరిపోదు, అందులోకి దిగాలి. అత్త చూసిన రోజే మొదటిదానికి దున్నపోతు అనీ, రెండోదానికి కప్ప అనీ పేర్లు పెట్టేసింది.

"ఏం పాపా, ఎట్లుండాది?" అని మామ నన్ను అడిగాడు.

"బాగలేదు మామా."

"యాడ బాగలేదు?"

"యాడా బాగలేదు."

ఆయన పగలబడి నవ్వాడు. అప్పటికి పొద్దున్నుంచీ ఊరు ఊరంతా వచ్చి ఆహా ఓహో అని, టీ తాగి, కారు మీద చెయ్యేసి ఫోటోలు దిగి పోయింది. "నువ్వొక్కదానివే నిజం చెప్తాండావు" అన్నాడు. ఆ తర్వాత ఏం కొన్నా, ఏ రంగు వేయించినా నన్ను పిలిచి అడిగేవాడు. నేను తిట్టేదాన్ని. నా నోటి దురుసు చూసి మా అమ్మ తల పట్టుకునేది, పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు మూతులు ముడుచుకుని వెళ్లారు. ఆ దురుసును ముద్దుగా చూసిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. అందుకే ఆయన లేకపోయేసరికి నాకు ఇంత వెలితిగా ఉంది.

అయినా చేసిన పని చేసినట్టే చెప్పాలి. ఆ కార్లకు నీడ కావాల్సి వచ్చింది. కడప ఎండకు రంగు వెలుస్తుందని బెంగళూరు నుంచి వచ్చిన మెకానిక్ చెప్పాడట. ఇంటి ఆవరణలో నీడున్న చోటు ఒక్కటే, ఎద్దుల కొట్టం. అందులో రెండు ఒంగోలు ఎద్దులుండేవి. బండలాగుడు పందేలకని విత్తులు కొట్టించకుండా పెంచినవి. దూడలప్పటి నుంచి అత్త తన చేతులతో ఉలవలు ఉడికించి పెట్టి సాకింది. పెద్దోడు, చిన్నోడు అని పిలిచేది. పందెంలో చర్నాకోల పట్టేది మగవాళ్లే గానీ, బయల్దేరే ముందు వాటి చెవిలో ఏదో చెప్పేది మాత్రం అత్త. మామ ఆ జతను నంద్యాల వైపు రైతుకు అమ్మేశాడు. కట్టుకొయ్యలు పెరికించి, కొట్టమంతా సిమెంటు చేయించి, పైన నున్నటి నాపరాళ్లు పరిపించాడు. అత్త గడ్డివాము పక్కన నిలబడి ఎద్దులు లారీ ఎక్కడం చూసింది. ఏడవలేదు. ఆ సాయంత్రం నుంచి ఆయన అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చోవడం మానేసింది.

మామ తన కార్ల గొప్ప చెప్పి ఆమెను మెత్తబరచాలని చూసేవాడు. అంత తెలివి తక్కువ పని ఆయనే చేయగలడు. "మూడు వందల గుర్రాల బలముండాది దీనికి" అనేవాడు దున్నపోతును చూపించి.

"మూడు వందల గుర్రాలు నాకెందుకు? నా రెండెద్దులు నాకు తెచ్చియ్యి" అనేది అత్త.

"ఒక్కసారి కూసో. మైదుకూరు దాకా పోయొస్తాం."

"నా గొడ్డు కొట్టంలోకి రానీ. అప్పుడు కూసుంటా."

ఈ మాటలు నా ఎదుటే ఎన్నిసార్లు నడిచాయో. ఇద్దరిలో ఒక్కరూ మెట్టు దిగలేదు. లోకంలో ఎవరూ ఆ కారును మెచ్చుకోకపోయినా ఫరవాలేదు, అత్త ఒక్కసారి అందులో కూర్చుంటే చాలు. మామ కోరిక అదొక్కటే అని నాకు మెల్లగా అర్థమైంది.

కప్పకు పూజ చేయించడానికి ఒంటిమిట్ట తీసుకుపోయిన రోజు నేనూ ఉన్నాను. గుడి బయట పూజ చేసే అయ్యగారు పసుపు, కుంకుమ పట్టుకుని ముందు మూత ఎత్తించాడు. లోపల ఖాళీ.

"ఇంజను యాడప్పా?" అన్నాడు పాపం.

"వెనకాల సామీ."

అయ్యగారు వెనక్కి పోయాడు, మళ్లీ ముందుకొచ్చాడు. బొట్టు తలకు పెట్టాలా, తోకకు పెట్టాలా అని తేల్చుకోలేక చివరికి స్టీరింగుకు పెట్టి దండం పెట్టుకున్నాడు. దండ కట్టడానికి ముందు వైపు చిన్న కమ్మీ కూడా లేదు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. వాటి మీదుగా పోయినందుకే కారు అడుగున ఏదో గీసుకుందని మామ వారం రోజులు దిగులుపడ్డాడు.

మా ఊరి బడి ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఎడ్లబండ్లు, ఆటోలు, నిండు చూలుతో ఉన్న మేకలు కూడా దాటే స్పీడ్ బ్రేకర్. కప్ప దాటలేదు. నలుగురు మనుషులు చెక్కపలకలు పట్టుకుని ముందు నడిచేవాళ్లు. గట్టుకు ఇటూ అటూ పలకలు వేసి, కారు ఊపిరి బిగబట్టినట్టు పైకెక్కి దిగాక, మళ్లీ పలకలెత్తుకుని వెనక పరిగెత్తేవాళ్లు. "దేవుని పల్లకికి గూడ ఇంతమంది దొరకరు ఈ ఊర్లో" అంది అత్త. ఆ మాట ఊరంతా పాకింది. మామ సిగ్గుపడలేదు సరికదా, కార్లు చూడటానికి బెంగళూరు నుంచి వచ్చినవాళ్లకు ఆయనే చెప్పి నవ్వేవాడు.

ఆ బెంగళూరు వాళ్ల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. నల్ల కళ్లద్దాలు, చేతిలో నీళ్ల సీసా, పొట్ట మీద కెమెరా. ఇంజను శబ్దం వినిపించమని అడిగి, కళ్లు మూసుకుని, త్యాగయ్య ఆరాధనకు వచ్చినట్టు తలలూపేవాళ్లు. అత్త చేసిన రాగి సంగటి, నాటుకోడి పులుసు తిని, ఆమె పేరేంటో అడగకుండా వెళ్లిపోయేవాళ్లు. వాళ్లలో ఒక్కడు కూడా మామ చావుకు రాలేదు. ఫోన్లో మాత్రం సందేశాలు పంపారు.

దున్నపోతులో నేను ఒక్కసారే దూరం పోయాను, కర్నూలు దాకా. అమెరికా బండికి స్టీరింగు ఎడమ వైపు కదా, ముందున్న బస్సును దాటాలంటే మామకు రోడ్డు కనబడదు. కుడి పక్క సీట్లో కూర్చున్నవాళ్లు తల బయట పెట్టి చూసి "పో మామా" అనాలి. ఇద్దరు కలిస్తే తప్ప నడవని కారు అది. దారంతా నా పని అదే. నోట్లో దుమ్ము, జుట్టంతా చింపిరి, వేడికి సీటు కాళ్లకు అంటుకుంటోంది. ఇంత బలమున్న బండి ప్యాసింజరు బస్సు వెనక నా అనుమతి కోసం కాచుకుని ఉండటం చూసి నాకు నవ్వాగలేదు.

"నవ్వు, నవ్వు" అన్నాడు మామ. బస్సును దాటాక, "ఆ సీటు మీ అత్తది పాపా. ఆయమ్మ చెప్తే నేను కండ్లు మూసుకోని పోతా" అన్నాడు.

ఎద్దులు అమ్మేటప్పుడు ఆయమ్మను అడగలేదేం అని నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మింగేశాను.

ఇక రెండేళ్ల కిందటి తిరునాళ సంగతి. కర్నూలు జిల్లాలో శివరాత్రి తిరునాళకు ఏటా బండలాగుడు పందేలు జరుగుతాయి. "నీ దున్నపోతు ఒక బండన్నా లాగుతాదా?" అని అత్త ఎప్పుడో విసిరిన మాటను మామ గుండెలో పెట్టుకున్నాడు. కారును అక్కడికి తోలుకొచ్చాడు. చూడటానికి రమ్మని నన్ను పంపి అత్తను బతిమాలించాడు. ఆమె నాతో బస్సులో వచ్చింది. పందేలన్నీ అయ్యాక, కమిటీవాళ్లు నవ్వుకుంటూ ఒప్పుకున్నారు. ఎద్దులు లాగే బండనే గొలుసుతో కారు వెనక బంపరుకు కట్టారు.

మామ కారెక్కి ఇంజను రేపాడు. జనం చెవులు మూసుకున్నారు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, తిరిగాయి, తిరుగుతూనే ఉన్నాయి. మట్టి లేచి తిరునాళంతా కమ్మేసింది, కాలిన రబ్బరు వాసన. బండ జానెడు కదిలిందో లేదో, బంపరు ఒక పక్క ఊడి వంకర తిరిగింది. దుమ్ము తగ్గాక చూస్తే కారు తాను తవ్వుకున్న గుంతలో తానే కూర్చుని ఉంది. అంతమంది ఒక్కసారి నవ్వితే ఎట్లా ఉంటుందో అప్పుడే విన్నాను. మూడు వందల గుర్రాలూ మట్టి తవ్వడానికే పనికొచ్చాయి.

గుంతలోంచి తీయడానికి ఎద్దులు కావాల్సి వచ్చాయి. ముందుకొచ్చిన రైతు నంద్యాల ఆయన. ఆయన తోలుకొచ్చిన జత మా పెద్దోడు, చిన్నోడు. ఆ రోజు పందెంలో అవే గెలిచాయి. ముందు ఇరుసుకు మోకు వేసి కట్టగానే, చర్నాకోల ఎత్తకముందే, అత్త పేర్లు పెట్టి పిలిచేసరికి చెవులు రిక్కించాయి. ఆమె "పదండి నాయనా" అంది. కారు చప్పుడు లేకుండా బయటికొచ్చింది.

మామ దిగి పెద్దోడి మూపురం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆ రైతును పక్కకు తీసుకుపోయి ఏదో మాట్లాడాడు. రైతు తల అడ్డంగా ఊపడం కనబడింది. ఎద్దులను తిరిగి అడిగాడు, ఆయన ఇయ్యనన్నాడు అనుకున్నాను.

ఆ వంకర బంపరును మామ బాగుచేయించలేదు. ఎందుకని అడిగితే, "ఎద్దుకు సిగ్గుంటాది పాపా, ఓడిపోతే రెండు దినాలు మేత ముట్టదు. కారుకు సిగ్గు లేదు. నాకన్నా గుర్తుండల్ల గదా" అన్నాడు. డబ్బుతో కళ్లు నెత్తికెక్కిన వాళ్లను మా జిల్లాలో చాలామందిని చూశాను. తన ఓటమిని తుడిపేయకుండా కొట్టంలో పెట్టుకుని రోజూ చూసిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

పెద్దదినం నాడు సంతాప సభ పెట్టారు. ఎవరెవరో మైకు పట్టుకుని 'మోటారు రంగానికి తీరని లోటు' అన్నారు. మైకు పట్టుకున్న ఒకాయన మామ ఊరి పేరే తప్పు చెప్పాడు. భోజనాలు కాకముందే ఇద్దరు అత్త దగ్గరికొచ్చి, "కార్లు అమ్ముతారామ్మా?" అని అడిగారు. అత్త వాళ్లను ఎగాదిగా చూసి, "అన్నం తినిపోండి" అంది.

వాళ్లు పోయాక గేటు ముందు చిన్న ట్రాలీ ఆటో ఆగింది. నంద్యాల రైతు దిగాడు. వెనక ఒక తెల్లటి కోడెదూడ, బెదిరిపోయి నాలుగు కాళ్లూ నిలదొక్కుకుని ఉంది.

"ఎద్దుల్ని ఇయ్యనంటి తల్లీ. అట్లయితే పెద్దోనికి పుట్టే తొలి కోడెదూడ మా ఇంటామెది అన్నాడు మీ ఆయన" అని చెప్పాడు ఆయన. "సరేనంటి. ఆమెకు ముందే చెప్పొద్దన్నాడు. పాలు మరిచినంక తెస్తామనుకుంటి. ఇంతలోకే ఇట్లాయె."

అత్త పలుపు అందుకుని దూడను కొట్టంలోకి నడిపించింది. లోపల కట్టుకొయ్య లేదు. ఆ నున్నటి రాళ్ల మీద కొయ్య దిగే చోటే లేదు. దూడ గిట్టలు జారుతున్నాయి. అత్త అటూ ఇటూ చూసి, పలుపును దున్నపోతు వంకర బంపరు సందులోంచి దూర్చి, పొడుగు వదిలి ముడేసింది. ఆ కారు చేసిన మొదటి పనికొచ్చే పని అదే.

దూడ తల్లి కోసం అరవసాగింది. అత్త చాలాసేపు నిలబడే నిమిరింది. కాళ్లు నొప్పి పుట్టినట్టున్నాయి. కారు కుడి వైపు తలుపు తీసి, కాళ్లు బయటికి పెట్టుకుని, ఆ సీట్లో కూర్చుంది. ఒళ్లో పచ్చగడ్డి పెట్టుకుని పరక తర్వాత పరక అందిస్తోంది. దూడ అరుపు మాని ఆమె చెయ్యి నాకుతోంది. నేను గడపలోనే ఆగిపోయాను. అత్త నన్ను చూడలేదు. మెడ తిప్పి, ఖాళీగా ఉన్న ఎడమ సీటు వైపు చూసి మెల్లగా అంది.

"కూసున్నా గదా. ఇంగ చాలునా?"