మార్నింగ్ షో పరదలు

నవ్వం అని ముందుగాల ఒట్టు పెట్టుండ్రి, అప్పుడే చెప్త. పది రోజుల కింది దాక నేను ఈ చౌరస్తల తలెత్తుకొని తిరిగిన మనిషిని. ఇప్పుడు నేను ఎదురొస్తే పెద్దపెద్ద మనుషులు గల్లీ మారుతాండ్రు! నేనేదో తప్పు చేసిన అని కాదు. వాళ్లు చాటుకు చేసింది నేను అద్దాల్ల పెట్టి ఊరందరికి చూపిచ్చిన అని కోపం. నాకు తెలిస్తే గద!

మా బట్టల దుకాణం మీకు ఎరుకే. చీరెలు, ధోతులు, లుంగీలు. తాత కాలం నుంచి అంతే. నాకేమో పరదల మీద పాణం. కిటికీకి కట్టినంక గాలొస్తే ఊగుతయి చూడు, అసుంటియి. దుకాణంల ఒక మూలకు పరదల ఖానా పెడుదాం అని రెండేండ్లు బాపు ఎంబడి పడ్డ. బాపుది ఒక్కటే మాట.

"అరే రాజేశం, మనోళ్లు పాతచీరె చింపి తలుపుకు కడ్తరు. పరదలు కొనేటోడు ఈ ఊర్ల ఎవడున్నడు?"

ఆఖరుకు నా పోరు పడలేక ఒప్పుకున్నడు. "పెట్టు. దసరా దాక చూస్త. నడిస్తే నడిచింది. లేకపోతే ఆ మూలకు మళ్ల లుంగీలే."

సూరత్ నుంచి తాన్లు తెప్పిచ్చిన. శ్రావణం పాయె, భాద్రపదం వచ్చె, ఒక్క పరద కదల్లే. పరకాల నుంచి ఒకామె వచ్చి, మంచి నీలిరంగు తాను చేతుల పట్టుకొని చూసి చూసి, "లంగకు ఆగుతదా?" అన్నది. ఆ పూట నాకు అన్నం పోలే.

అసుంటప్పుడు యాకూబ్ భాయ్ వచ్చిండు. టాకీసుల ఆపరేటర్. రీళ్లు తిప్పుకుంటనే గడ్డం తెల్లగ చేసుకున్న మనిషి. లుంగీ తీసుకొని, నా మొఖం చూసిండు.

"క్యా సేట్, దిల్ బాగలేదా? రేపు మార్నింగ్ షోకు రా. పాత జమానా ఇంగ్లీషు పిక్చర్ పడ్డది."

"అది గుండ్రంల 'ఏ' రాసిన పిక్చర్ గద భాయ్!"

"అయితే ఏంది? ముప్పై అయిదేండ్లు నిండినయి గద నీకు! జర ఇను. ఇప్పుడు గల్లీకొక వీడియో వచ్చింది. అండ్ల వేసేటివి చూస్తే నాకే సిగ్గయితది. అంత ఉరుకులాటనే. పాతోళ్లు అట్ల తియ్యలే. దీపం ముట్టియ్యాల్నంటే గూడ ఓపికతోని ముట్టిచ్చేటోళ్లు. నువ్వు లైటింగ్ చూడు సేట్, లైటింగ్!"

ఇంత వయసు మనిషి లైటింగ్ అనుకుంట కండ్లు మూసుకుంటే, నేనెట్ల ఆగాలె? పోయిన.

మార్నింగ్ షోకు ఒక కాయిదా ఉంటది. తెల్వనట్టు చూడకుండ్రి, మీకూ తెలుసు. లైట్లు ఆరినంకనే లోపలికి పోవాలె. తువ్వాల తలమీదికెళ్లి కప్పుకోవాలె. ఆఖరు సీను అయిపోకముందే బయటపడాలె. అన్నిటికంటె పెద్దది, లోపల చూసినోన్ని బయట గుర్తుపట్టొద్దు. ఇది యాడ రాసి లేదు గని, మన ఊర్ల ఇంత పద్ధతిగ నడిచే కాయిదా ఇంకొకటి లేదు.

బయట సన్నగ ముసురు. లోపల చీకటి, బీడీ పొగ. ఆ పొగలకెళ్లి తెల్లటి వెలుగు తెర మీదికి పోతాంది. కతేంది అంటరా? సముద్రం ఒడ్డుకు పెద్ద ఇల్లు. అండ్ల ఒక ఆమె. మొగడు ఓడమీద ఎక్కడికో పోయిండు. ఇంకెవడో వస్తడు. ఇంగ్లీషు నాకు సమజ్ కాదు, కాకున్నా ఏం ఫికర్ లేకుండె. ఎందుకంటే అగో, ఆమె పడకటింట్ల కిటికీ ఉన్నది! కింది నుంచి దూలం దాక ఉన్నది. దానికి పరదలు రెండు వరుసలు. లోపలిది సన్నటి తెల్ల జాలి, బయటిది సముద్రం రంగు. గాలి వచ్చిందా, లోపలిది పాలు పొంగినట్టు లేచి, తొందర లేకుండ, మెల్లగ మెల్లగ దిగుతాంది. అది దిగేదాక కెమెరా గూడ ఆగింది. దేవుని మీద ఒట్టు, ఆగింది! నాకు దుకాణం మరుపుకొచ్చింది, దసరా మరుపుకొచ్చింది, బాపు మరుపుకొచ్చిండు. నా పాణం లేచి ఆ కిటికీకాడ నిలబడ్డది. ఇది తీసినోడెవడో గని, పరదను ప్రేమించినోడు.

ఇంతల, అందరు ఎదురుచూసిన సీను వచ్చింది. టాకీసుల సూది పడ్డా ఇనబడేటట్టున్నది. ఆమె వచ్చింది, అతను వచ్చిండు, గౌను జారింది, అంతే! గాలొచ్చి సముద్రం రంగు పరద మొత్తం అడ్డం పడ్డది. హాలంత "అయ్యో!" అని మూలిగింది. ఒక్కన్ని, నేనొక్కన్ని, లేచి నిలబడి గట్టిగ అన్న.

"అబ్బబ్బబ్బ! ఏమున్నదిర నాయన!"

ఎనుకనుంచి ఒకడు అంగి గుంజిండు. "కూసో అన్నా, నీకొక్కనికే కనబడుతాందా ఏంది?"

మళ్ల రెండు దినాలు పోయిన. కుచ్చులెన్నున్నయో లెక్కపెట్టుకొని, అగ్గిపెట్టె ఎనుక బొమ్మ గీసుకున్న. నాకు ఉపాయం తట్టింది. మనోళ్లకు తాను చూపిస్తే ఏం తెలుస్తది? కట్టి చూపియ్యాలె!

దుకాణం ముందర అద్దాల అల్మారి ఉన్నది గద, చిన్న అర్రంత. అండ్ల ఇంటికాడి పట్టెమంచం ఏసిన. ఎనుక రెండు వరుసల పరదలు, అచ్చం అవే. గాలికని చాటుకు టేబుల్ ఫ్యాన్ పెట్టిన. ఇత్తడి దీపం పెట్టిన. ఒక కుర్చీ పెట్టి, టైలర్‌తోని గౌను కుట్టిపిచ్చి, ఆ కుర్చీ చెయ్యి మీదికెళ్లి జారినట్టు ఏసిన. ఏది మారినా అందం పోతదని అన్ని అట్లనే ఉంచిన. బాపుకు మటుకు "కొత్త షో బాపు" అని చెప్పిన.

తెల్లారి పది గంటలకు దుకాణం ముంగట జాతర! బాపు మురిసిపోయి నాకు తన చేత్తోని చాయ్ ఇచ్చిండు. "అరే, నడుస్తాందిర!" అన్నడు. ముప్పై అయిదేండ్లల్ల ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

గని ఒక్కడు లోపలికి వస్తలేడు. బ్యాంకుల చేసే ఒకాయన సైకిల్ ఆపి, ఒక కాలు కింద పెట్టి చూసిండు. అటు చూసిండు, ఇటు చూసిండు, కండ్లజోడు తీసి తుడుచుకొని మళ్ల చూసి పోయిండు. తొర్రూరు ఆయన ఒకడు రిక్షా దిగి నిలబడ్డడు. రిక్షాల పెండ్లామున్న సంగతే మరిచిండు! ఇంకొకడు సన్నగ ఈల ఏస్తాండు. ఆ రాగం ఎక్కడనో ఇన్నట్టున్నదే అనుకున్న గని, ఆహా, మన ఊరోళ్లకు ఎంత కళాపోషణ అని పొంగిపోయిన.

అప్పుడొచ్చిండు హెడ్మాస్టర్ సారు. నాకు ఎక్కాలు నేర్పినాయన, రిటైరైండు. ఎంబడి ఆయన భార్య విమలమ్మ. ఆమె అద్దం కాడనే ఆగిపోయింది.

"ఎంత సల్లగున్నదండీ! మన ముందరి అర్రకు ఇసుంటియే కట్టుకుందాం."

సారుకు చెమటలు. "వద్దు."

"ఎందుకు?"

"మనకు... అచ్చిరాదు."

"పరద అచ్చిరాకపోవుడేందండీ?"

నా మొదటి బేరం చేజారుతాందని నేను ఉరికొచ్చిన. "సార్, మీరే చెప్పుండ్రి. ఏమన్న తక్కువున్నదా?"

అదే నేను చేసిన పాపం. ముప్పై ఏండ్లు తప్పులు దిద్దిన చెయ్యి అది. తప్పు కనబడితే ఆగుతదా? సారు వేలు దానంతట అదే లేచింది.

"అన్ని సరిగనే ఉన్నయి గని, ఆ గౌను కుర్చీ మీద కాదుర, మంచం కోడు మీద..."

అన్నంక ఆగిండు. బజారంత ఆగింది. ఫ్యాన్ ఒక్కటే తిరుగుతాంది. గౌను చెయ్యి మెల్లగ ఊగుతాంది. ఇంత నిశ్శబ్దంల ఎనుకనుంచి ఆ తొర్రూరు ఆయన, ఎవలు అడిగిండ్రని, "అవు సార్, రెండో రీలు దాక మంచం మీదనే ఉంటది" అన్నడు!

విమలమ్మ మొగని దిక్కు తిరిగింది. "ఏ రీలు?" అన్నది.

రెండు నిమిషాలల్ల ముంగట ఒక్క మొగోడు లేడు. అందరికి ఒక్కసారే పనులు యాదికొచ్చినయి.

బాపు నన్ను లోపలికి పిలిచిండు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. "బాపు, నేను పరదల కోసమే పోయిన."

"అగో! కల్లు దుకాణానికి లోటాల కోసం పోయిన అన్నట్టున్నది. పొద్దుగూకకముందే అదంత తియ్యి. దసరా లేదు గిసరా లేదు. రేపటినుంచి ఆ మూలకు లుంగీలే."

ఒక్కొక్క కుచ్చు ఇప్పుతాంటే ఏడుపొచ్చింది. దాచుడెందుకు, ఏడ్చిన. అప్పుడు విమలమ్మ ఒక్కతే మళ్ల వచ్చింది. కొంగు నడుముకు చెక్కి ఉన్నది.

"రాజేశం, ఇయే పరదలు కోసియ్యి. ముందరి అర్రకు, పడకటింటికి, వంటింటికి గూడ. మీ సారు పొద్దుందాక చూసుకుంట కూసుంటడు. ఎన్ని దినాలు చూస్తడో నేనూ చూస్త!"

తెల్లారి బ్యాంకాయన భార్య వచ్చింది. ఎనుకనే ఇంకో ఇద్దరు. రంగు అడుగరు, రకం అడుగరు, "సారింటికి ఇచ్చినయే ఇయ్యి" అంటరు. నాలుగు దినాలల్ల సముద్రం రంగు తాను ఒడిసింది. బాపు గజం బద్ద తానే పట్టుకొని కొలుసుకుంట, నా దిక్కు చూడకుండ అన్నడు: "సూరత్‌కు ఇంకో నాలుగు తాన్లకు రాయి. గౌను మటుకు లోపల పెట్టు."

గట్ల ఖానా నిలబడ్డది, మొగోళ్లు గల్లీలు మారుతాండ్రు. సారు పరదకు వీపు పెట్టి పేపర్ చదువుతాండట.

ఇగ నా భార్య సరోజ. పది దినాలు ఒక్క మాట అడుగలే. అదే నాకు భయం. నిన్న పగటీలి అన్నం పెట్టుకుంట అడిగింది. "ఆమె అంత బాగుంటదా?"

"ఎవలు?"

"ఎవలేందండీ? మీ సినిమాల ఆమె."

యాది చేసుకున్న. మస్తు యాది చేసుకున్న. జుట్టు నల్లదో ఎర్రదో తెలిస్తే ఒట్టు. "అంచు మూడు వేళ్ల మడత సరోజా. మిషిన్ కుట్టు కాదు, చేతికుట్టు" అన్న.

"నేను మొఖం అడుగుతాన!"

"మొఖం... పరద అడ్డమొచ్చింది."

ఆమె గంటె కింద పెట్టింది. "నేను నమ్ముత. ఊరంత నమ్మకున్నా నేను నమ్ముత."

నా గుండె చల్లబడ్డది. "అంత నమ్మకమా నా మీద?"

"నమ్మకం కాదు. నా దిక్కు చూడకుండ చెప్పుండ్రి, ఇయ్యాల నేనేం కట్టుకున్న?"

"నారాయణపేట! మామిడిపండు రంగు, గంగాజమున అంచు, చెంగుకు నాలుగు కుచ్చులు ఊడినయి."

"మరి నా ముక్కుకు ఏమున్నది?"

తిరిగి చూసిన. ఎర్రరాయి ముక్కుపుడక, తళతళమంటాంది. "ఎప్పుడు పెట్టుకున్నవ్?"

"శ్రావణంల!"

మొఖం దాచుకునేతందుకు నవ్వులాటకు అన్న, "ఏమన్న గని, బజార్ల ఇప్పుడు నన్ను పెద్ద రసికుడంటాండ్రు, తెలుసా?" ఆమె నవ్వి నవ్వి, పొలమారి, కండ్ల నీళ్లు పెట్టుకున్నది. ఉరికిపోయి చెంబుతోని నీళ్లిచ్చిన. ఇచ్చేటప్పుడన్న ఆ ముక్కుపుడక దిక్కు చూడాలె గద! ఈ పాడు కండ్లు మళ్ల ఊడిన కుచ్చుల దిక్కే పోయినయి.