సీలు వేసిన డబ్బా, మా సైన్సు సారు

మొన్న శుక్రవారం ప్రొద్దుటూరులో మా అన్న బట్టల కొట్లో కూర్చుని ఉండగా ఫోను మోగింది. సైన్సు సారు కూతురు. "నాయన పొద్దున పోయినాడక్కా" అంది. "కాఫీ అడిగినాడు. తెచ్చేలోగానే..." అంది. జమ్మలమడుగు మిషన్ బడిలో పదహారేళ్లు ఆయన పక్క గదిలో లెక్కలు చెప్పినదాన్ని. ఆయన గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆయనకు ప్రశ్నలెక్కువ. ఎవరైనా కొత్త గడియారం పెట్టుకొస్తే వెనక మూత తీసి చూస్తానని వెంటపడేవారు. స్టాఫ్ రూములోకి ఊరి వార్త మోసుకొచ్చిన వాళ్లను ఒకటే అడిగేవారు: "చూసినావా, విన్నావా?" పార్టీలు ఊళ్లను రెండుగా చీల్చిన రోజులవి. విన్న మాటకే కత్తులు తీసే చోట ఆ ప్రశ్న చాలామందికి నచ్చేది కాదు.

ఒక ఎన్నికల వేసవిలో పులివెందులలో పరీక్షల డ్యూటీ ముగించుకుని ఇద్దరం బస్సులో వస్తున్నాం. దారికి అడ్డంగా జనం ఉంటే బస్సు ఆగింది. కోత అయిపోయిన చేలో పొడవాటి రెక్కల తెల్ల విమానం ఒకటి దిగి ఉంది. దానికి ఇంజిన్ లేదు. పక్కన ఎండకు కందిపోయిన ముఖంతో ఒక కన్నడ అమ్మాయి. ఆ విమానంలోని చిన్న డబ్బా ఊరి పెద్దమనిషి చేతిలో ఉంది. దాన్ని పగలగొట్టడానికి ఆయన పక్కన ఒకడు రాయి పట్టుకుని నిలబడ్డాడు.

సారు బస్సు దిగి నేరుగా వాళ్ల మధ్యకు పోయారు. నేనూ వెనకే పోయాను.

"ఏంది మామా ఇది?"

"ఎదుటి పార్టీ వాళ్ల పని సారూ. పైనుంచి మా ఇండ్లు ఫోటోలు తీస్తాండారు. అన్నీ ఈ డబ్బాలోనే ఉండాయంట."

"తీస్తాంటే చూసినావా, విన్నావా?"

పెద్దాయన డబ్బాను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. సారు అమ్మాయి వైపు తిరిగారు. ఆమె వచ్చీరాని తెలుగులో చెప్పింది. వేడిగాలి లేచే చోట్లు వెదుక్కుంటూ ఇంజిన్ లేకుండా ఎగురుతుందట. ప్రొద్దుటూరు చుట్టి వెనక్కి పోతుంటే గాలి చాలక దిగిందట. డబ్బా పేరు జీపీఎస్ రికార్డరు. ఏ నిమిషంలో ఎక్కడ, ఎంత ఎత్తులో ఉందో అదే రాసుకుంటుంది. "సీలు తెగితే నేను ఇంత దూరం ఎగిరినట్టు మా సంఘం వాళ్లు ఎవరూ ఒప్పుకోరు సార్. మూడేళ్లుగా ఇదే ప్రయత్నం" అని ఏడ్చేసింది.

సారు మాత్రం చుట్టూ ఏం జరుగుతోందో మరిచిపోయారు. ఎన్ని సెకన్లకోసారి రాస్తుంది? ఎత్తు ఎట్లా కనుక్కుంటుంది? మధ్యలో ఎవరైనా మారిస్తే ఎట్లా తెలుస్తుంది? ఆమె కళ్లు తుడుచుకుని ఒక్కొక్కటీ చెబుతుంటే జనం కూడా దగ్గరికి జరిగారు. రాయి పట్టుకున్నవాడు దాన్ని కింద పడేసి ముందుకొచ్చాడు.

పెద్దాయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే మనిషి జేబులో పెట్టుకున్యా, యాడ పోయినాడో సెప్తాదా?"

సారు తలూపారు.

"చెప్తాది మామా. పోనిచోటికి పోయినాడని మాత్రం చెప్పదు."

పెద్దాయన ముఖం మారిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "నా కొడుకును హత్య కేసులో పెట్టినారు సారూ. ఆ పొద్దు వాడు శనిక్కాయల ట్రాక్టరు తోలుకొని ప్రొద్దుటూరు పోయినాడు. సూసినోళ్లు శానామంది. భయపడి ఎవురూ సెప్పల్యా."

"కాటా వేయించినాడా?"

"ఏయించినాడు."

"బండి తూకం వేసిన చీటీలో టైము పడతాది గదప్పా!"

పెద్దాయన డబ్బాను రెండు చేతులతో అమ్మాయికి ఇచ్చాడు. సీలు అట్లాగే ఉంది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు సారూ నేనూ ప్రొద్దుటూరు కాటాలన్నీ తిరిగాం. ఒక కాటా యజమాని మమ్మల్ని చూడగానే షట్టరు దించబోయాడు. "నువ్వు ఎవరి వైపూ మాట్లాడొద్దప్పా. చీటీ నకలు వెదికియ్యి, చాలు" అన్నారు సారు. దొరికింది. వాళ్ల లాయరు దాన్ని కోర్టులో పెట్టాడు. ఏడాది తిరిగేలోగా ఆ కొడుకు విడుదలై ఇంటికొచ్చాడు. పెద్దాయన ఒక గోతం చీనీకాయలు బడికి తెచ్చి, స్టాఫ్ రూము గడపలో పెట్టి పోయాడు.

అమ్మాయి అంత దూరం ఎగిరినట్టు వాళ్ల సంఘం వాళ్లు ఒప్పుకున్నారట. తన దారి గీత అచ్చువేసిన కాగితం ఆమె సారుకు పంపింది. గీత మా జమ్మలమడుగు దగ్గర ఒకచోట చుట్టలు చుట్టుకుని ఉంది. వేడిగాలి ఆసరాతో ఆమె విమానం పైకి లేచింది అక్కడేనట. "ఈడే గాలి ఎందుకు లేసింటాది?" అని సారు వారమంతా అదే పాట.

చివరికి ఒక మిట్టమధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఆ చోటికి పోయారు. అది పాడుబడిన నాపరాళ్ల గని. బండలు పెనంలా కాలుతున్నాయి. సారు వాటి మధ్యకు దిగి, చొక్కా అంచులు రెండు చేతులతో చాపి పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డారు. కాసేపటికి చొక్కా నిండుగా పొంగింది. ఆయన మెల్లగా మునివేళ్ల మీద లేచారు.