రాసుకోనీ పిన్ని కంపెనీ

మా పిన్ని ముందు ఇంతవరకు ఎవరూ ఒక్క వాక్యాన్నీ ఏకబిగిన పూర్తి చేయలేదు. సగంలో ఉండగానే ఆవిడ చూపుడువేలు లేస్తుంది. "ఆగు, రాసుకోనీ" అంటుంది. మెడలో తాడుకు వేలాడే చిన్న పుస్తకం తెరుచుకుంటుంది, చెవి వెనకనుంచి కలం దిగుతుంది. ఆవిడ రాసుకోవడం అయ్యేదాకా అవతలివాడు నోరు సగం తెరిచి నిలబడాల్సిందే. అందుకే మా బంధువులందరూ ఆవిడకు 'రాసుకోనీ పిన్ని' అని పేరు పెట్టారు. పెట్టిన రోజే ఆవిడ దాన్నీ రాసుకుంది. ఎవరు పెట్టారో, ఎన్నింటికి పెట్టారో కూడా.

ఒకసారి పళ్ళ డాక్టరు ఆవిడ నోట్లో రెండు పనిముట్లు పెట్టి, "ఈ దవడపన్ను ఇంకో రెండేళ్ళు..." అన్నాడు. పిన్ని వేలు లేచింది. నొప్పెట్టిందేమోనని ఆయన కంగారుగా పనిముట్లు బయటికి తీశాడు.

"రెండేళ్ళు ఉంటుందా, రెండేళ్ళలో ఊడుతుందా? సరిగ్గా చెప్పండి, రాసుకోనీండి."

ఆయన మళ్ళీ దీపం వేసి, మళ్ళీ తొంగిచూసి, "నిజానికి ఆ పన్ను బాగానే ఉందమ్మా. నేను దాని పక్కదాన్ని చూస్తున్నాను" అన్నాడు.

మా బాబాయికి ముక్కుమీద కోపం. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు గట్టిగా గొంతు పెంచాడట. "అసలు ఈ ఇంట్లో నా మాటకు..." "ఆగండి. ఈ, ఇంట్లో, నా, మాటకు. ఊఁ, తరవాత?" కోపాన్ని డిక్టేషను వేగంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. నాలుగో మాటకల్లా బాబాయికి తన మాట కాగితం మీద కనబడింది. "అది కొట్టెయ్యి. అలా అందామనుకోలేదు" అన్నాడు. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఏ పోట్లాటా చివరిదాకా సాగలేదు.

పిన్ని ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. అందులో ఆఖరి పదేళ్ళు ఒక వార్డు మొత్తం ఆవిడ చేతిలోనే ఉండేది. శుక్రవారం రిటైరయింది. సోమవారం పొద్దున్న మా గది తలుపు కొట్టింది.

అప్పటికి నన్ను ఉద్యోగంలోంచి తీసేసి రెండు వారాలైంది. అందరికీ 'నేనే మానేశాను' అని చెప్పుకున్నాను. నిజం చెప్పింది పిన్నికొక్కదానికే, అదీ ఫోనులో, ఒక్కసారే. అప్పుడు కూడా ఆవిడ "ఆగు నాన్నా, రాసుకోనీ" అంది. ఏడుస్తున్నవాణ్ణి ఆగమనే మనిషి లోకంలో ఈవిడొక్కతే ఉంటుందని నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఒరేయ్ నాన్నా, కంపెనీ పెడుతున్నాం" అంది గుమ్మంలోనే.

"ఎవరెవరం?"

"నువ్వూ నేనూ. నువ్వు ఒప్పుకున్నావు కదా."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

సంచీలోంచి పాత పుస్తకం తీసి పేజీ చూపించింది. "ఆరేళ్ళ కిందట, మంగళవారం, మా వంటింట్లో, గిన్నె తుడుస్తూ. 'ఎప్పటికైనా సొంతంగా ఏదో ఒకటి పెట్టాలి పిన్నీ.' కింద నీ సంతకం కూడా ఉంది చూడు."

నిజంగానే ఉంది. గిన్నె తుడుస్తున్నవాడి చేత ఎవరైనా సంతకం ఎందుకు పెట్టించుకుంటారు? అదే అడిగాను.

"అప్పుడు తెలీదురా. ఎప్పుడో అక్కరకొస్తుందనిపించింది."

కంపెనీ దేనికంటే, రాసుకోవడానికి. రాసుకునే యాప్‌లు ఇప్పటికే వందలున్నాయి కదా పిన్నీ అన్నాను.

"ఉన్నాయి. అన్నీ అటకలే. పైకి విసిరేస్తాం, మళ్ళీ ఎక్కి చూడం. మనం చేసేది అటక కాదురా. పక్కన కూర్చుని గుర్తుచేసే మనిషి."

దానికి 'తలపు' అని పేరు పెట్టింది. మీరు ఏదైనా రాయండి. అదే సంగతి మీద మీరు పూర్వం రాసిన మాటను తలపు వెతికి పక్కన పెడుతుంది. పెట్టి ఒకే ఒక ప్రశ్న అడుగుతుంది: 'అప్పుడు అలా అన్నారు, ఇప్పుడు ఇలా అంటున్నారు. ఏం మారింది?' అంతే. "ఆలోచించడమంటే అదేరా" అనేది పిన్ని. అంత ధీమాగా అనేది కనుక నేనూ నమ్మాను. ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాను.

కళ్ళద్దాల దుకాణం పైన రెండు గదులు తీసుకున్నాం. రోజంతా కిందనుంచి ఎవరో ఒకరు పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా చదువుతూ, చివరి వరుసలో తడబడుతూ వినబడేవారు. ఆ తడబాటు విన్నప్పుడల్లా పిన్ని నా వైపు తిరిగి, "మన అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యి" అనేది.

తెర మీద కనబడేవన్నీ గీయడానికి ఒకమ్మాయిని తీసుకున్నాం. ఆమెను బొమ్మలమ్మాయి అనేవాళ్ళం. అమ్మిపెట్టడానికి ఒకాయన్ని తీసుకున్నాం. ఆయన మొదటి రోజే కాలరు సర్దుకుని, "ఈ ఊళ్ళో నాకు తెలియని కంపెనీ లేదు మేడం" అన్నాడు.

"ఆగండి, రాసుకోనీండి. తెలియని, కంపెనీ, లేదు. ఊఁ, పేర్లు చెప్పండి."

"ఓ వంద ఉంటాయి మేడం..."

"తొందరేం లేదు, ఒక్కొక్కటే చెప్పండి."

పదకొండో పేరు దగ్గర ఆయన ఆగిపోయాడు. చెమట తుడుచుకున్నాడు. "పదకొండు కంపెనీలు తెలుసు మేడం."

"అదీ మాట! పదకొండంటే తక్కువేం కాదు" అంది పిన్ని, నిజంగానే సంతోషపడి. పదకొండుకు సంతోషించిన యజమానిని ఆయన ఆ రోజే చూశాడట. అప్పటినుంచి అమ్మకాలాయన గొప్పలు చెప్పడం మానేశాడు. దాంతో జనం ఆయన్ని నమ్మడం మొదలుపెట్టారు.

తలపును మొదట వాడింది బాబాయి. ఆయన పాత డైరీలన్నీ ముందే అందులోకి ఎక్కించి ఇచ్చాం. 'రేపటినుంచి నడక' అని రాశాడు. 'ఈ మాట మీరు రాయడం ఇది నలభై ఒకటోసారి. ఏం మారింది?' అని అడిగింది తలపు. బాబాయి రెండు రోజులు ఫోనుతో మాట్లాడలేదు. మూడో రోజు మొహం గంటు పెట్టుకుని, 'ఏమీ మారలేదు, మోకాలు నొప్పి' అని కొట్టాడు. 'నాలుగు నెలల కిందట కూడా మోకాలన్నారు' అంది అది. సాయంత్రానికి ఆయన డాక్టరు దగ్గరున్నాడు. ఈ వార్త తెలియగానే పిన్ని ఆఫీసులో గెంతినంత పని చేసింది.

"బాగా పనిచేస్తోందిరా!"

"బాబాయి మోకాలా?"

"ఛా, మన తలపు!"

ఆవిడతో నాకు ఒక్కటే చిరాకు. ఆఫీసుకు ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి నాతో నాలుగు మాటలు కలిపేసరికి, "ఒరేయ్, గుండుసూదులు పట్రా" అని కిందికి తరిమేది. పిన్ని పుస్తకం తప్ప మా ఆఫీసులో కాగితమే లేదు. గుండుసూదులు మాత్రం పదిహేడు డబ్బాలయ్యాయి. వయసు మీదపడి ఈవిడకు మతిమరుపు వస్తోందనుకున్నాను. లోకమంతటికీ గుర్తుచేసే కంపెనీ పెట్టిన మనిషికి మతిమరుపేమిటి అని నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

తొమ్మిది నెలలు గడిచాయి. వాడేవాళ్ళు పెరుగుతున్నారు కానీ, ఇంకో రెండు నెలలు దాటితే గదులు ఖాళీ చేయాల్సిన పరిస్థితి. అప్పుడు అమ్మకాలాయన తన పదకొండులోంచే ఒక పెట్టుబడిదారుణ్ణి పట్టుకొచ్చాడు. పొద్దున్న పదకొండింటికి వచ్చాడు, మితభాషి. కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుని, "చూపించండి" అన్నాడు.

నేను ప్రొజెక్టరు తీగలతో కుస్తీ పడుతున్నాను. ఆయన ఊరికే ఉండలేక నన్ను అడిగాడు. "మీరు ఇంతకుముందు పెద్ద కంపెనీలో ఉండేవారట. ఎందుకు మానేశారు?"

"ఒరేయ్, గుండుసూదులు..." అంది పిన్ని.

"పదిహేడు డబ్బాలున్నాయి పిన్నీ!" అన్నాను విసుగ్గా. మాట మార్చడానికి, "ఇదిగో సార్, ఏదో ఒక మాట కొట్టి చూపిస్తాను" అని తోచిన మొదటి మాట కొట్టాను. అది నా పాత కంపెనీ పేరు. తెరిచి ఉన్న ఖాతా నాది కాదు, పిన్నిది. తన పుస్తకాల్లోవన్నీ ఆవిడ అందులోకి ఎక్కించుకుంది.

తలపు తన పని తాను చేసింది. గోడ నిండా అక్షరాలు పడ్డాయి.

పిన్ని వయసు మరిచిపోయి ఎగిరి గోడకు అడ్డం నిలబడింది. గోడ మీది అక్షరాలు ఇప్పుడు ఆవిడ మీద పడ్డాయి. అప్పటికే చదవాల్సింది చదివేశాం. 'అబ్బాయి. ఉద్యోగంలోంచి తీసేసిన సంగతి ఒకసారి చెప్పాడు. చాలా కష్టంగా చెప్పాడు. మళ్ళీ చెప్పించకూడదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే పని మీద బయటికి పంపాలి. గుండుసూదులు?' ఆ ఆఖరి ప్రశ్నార్థకం సరిగ్గా ఆవిడ నుదుటి మీద పడింది.

బొమ్మలమ్మాయి గబగబా ప్రొజెక్టరు ఆపేసింది.

నాకు ముందు సిగ్గేసింది. తరవాత ఆ పదిహేడు డబ్బాలూ ఒక్కొక్కటే గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. "ఫర్వాలేదు పిన్నీ, కూర్చో" అన్నాను. పెట్టుబడిదారు వైపు తిరిగి, "నేను మానలేదు సార్. తీసేశారు" అన్నాను. నేననుకున్నంత కష్టమేమీ కాలేదు.

ఆయన కాలు కిందికి దించాడు. "అందరి గురించీ ఇలాగే రాస్తారా అమ్మా?"

"చెప్పినవాళ్ళందరి గురించీ రాస్తానండి" అంది పిన్ని, ఆయాసం తీర్చుకుంటూ. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడో మంచం మీద ఒకావిడ ఉండేది. బస్సు బోల్తా పడింది, ఈవిడ బతికింది, వాళ్ళాయన పోయాడు. షిఫ్టు మారినప్పుడల్లా కొత్త నర్సు వచ్చి 'ఏం జరిగిందమ్మా' అంటుంది. ఈవిడ మొదటినుంచీ చెప్పాలి. రోజుకు మూడుసార్లు. మూడో రోజు నా వంతు వచ్చింది, నేనూ అడిగాను. ఆవిడ గోడవైపు తిరిగిపోయి, 'మీలో మీరు చెప్పుకోరా అమ్మా?' అంది. ఆ రోజే పుస్తకం కొనుక్కున్నాను."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "బాగుంది. కానీ ఆలోచనకు పదునుపెట్టే సాధనం అన్నారు కదా?"

"అదేగా చెబుతున్నా. ఎదుటివాళ్ళు నిన్న చెప్పింది నేను మరిచిపోతే, ఇవాళ ఎంత తెలివిగా ఆలోచించి ఏం లాభం?"

ఆయన తల ఊపాడు. పెట్టుబడికి సిద్ధమేనన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. ఉద్యోగులు రాసుకున్నదంతా వాళ్ళ పై అధికారులు చూసుకునే ఏర్పాటు ఉండాలి. "అదుంటే రేపే సంతకం పెడతాను."

"ఆ ఏర్పాటు పెట్టం" అంది పిన్ని.

"నిదానంగా ఆలోచించుకోండి."

"ఆలోచించే చెబుతున్నానండి. ఒకరు నమ్మి చెప్పుకున్నది వాళ్ళ మేలుకు వాడాలి. పైవాళ్ళు తొంగిచూడ్డానికి కాదు."

"అలాగైతే నా వల్ల..."

"ఆగండి, రాసుకోనీండి. పెట్టుబడి లేదు, అంతేనా?"

అందరిలాగే ఆయనా తన మాట కాగితం మీద పడుతుంటే తడబడ్డాడు. "ప్రస్తుతానికి లేదు, అని రాయండి" అని లేచాడు.

ఆయన మెట్లు దిగాక అడిగాను. "పిన్నీ, నిజం చెప్పు. ఈ కంపెనీ నా కోసం పెట్టావా?"

"నీ మొహం! నాకు ప్రోగ్రాములు రాయడం రాదు, నువ్వేమో ఖాళీగా ఉన్నావు. పద, నా పాత వార్డుకు వెళదాం. పన్నెండో పేరు అదే."

అలా తలపు ఆసుపత్రికి వెళ్ళింది. పిన్ని తరవాత ఆ వార్డు చూస్తున్నామె ఒక నెల వాడి చూస్తామంది. రోగి దగ్గర మొదటి నర్సు అన్నీ అడిగి రాస్తుంది. అందులో ఏవి తరవాతివాళ్ళకు చెప్పవచ్చో రోగే చెబుతాడు. మిగతావాళ్ళు చదువుకుని వెళతారు. పిన్ని దగ్గరుండి నేర్పింది.

మొదటి రోజు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు మేము నలుగురం వరండాలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. కొత్త నర్సు ఫోను చూసుకుంటూ నాలుగో మంచం దగ్గరికి వెళ్ళింది. అక్కడున్నది కాలు విరిగిన ముసలాయన, ఒకప్పుడు రైలింజను డ్రైవరు.

"మీ సంగతంతా నాకు తెలుసు తాతగారూ. మీరేం చెప్పక్కర్లేదు, పడుకోండి" అంది నర్సు ఎంతో మృదువుగా.

ముసలాయన లేచి కూర్చున్నాడు. "ఎవరు చెప్పారు?"

"ఇందులో ఉందండి."

"నా కాలు ఎలా విరిగిందో చెప్పడానికి అదెవరు? పొద్దున్నమ్మాయికి సగమే చెప్పాను! నిచ్చెన ఎక్కడం దాకానే వచ్చాను, పడ్డం ఇంకా రాలేదు! ఇక్కడ పడుకుని నేను చేసే పని ఇంకేముందమ్మా, అదొక్కటీ లాక్కుంటారా?"

వార్డంతా తిరిగి చూసింది. అమ్మకాలాయన మెల్లగా గుమ్మం వైపు జరిగాడు. పిన్ని మాత్రం చరచరా లోపలికి వెళ్ళి, స్టూలు లాక్కుని కూర్చుంది. "నాకేం తెలీదు బాబాయిగారూ. మొదటినుంచీ చెప్పండి" అంది. ముప్పావుగంట చెప్పాడాయన. చివర్లో పడినప్పుడు చేతులతో చప్పుడు కూడా చేసి చూపించాడు.

బయటికొచ్చి పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్ నాన్నా, సగమే కనిపెట్టాం. ఇంకో గడి కావాలి."

సాయంత్రంలోగా పెట్టేశాం. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో అన్ని వార్డులూ తలపునే వాడుతున్నాయి. గదులు ఖాళీ చేయాల్సిన అవసరం రాలేదు. ప్రతి పేరు కింద ఒక చిన్న గడి ఉంటుంది: 'వీరికి చెప్పుకోవడం ఇష్టం. తెలిసినా మళ్ళీ అడగండి.' నాలుగో మంచం పేరు కింద మొదటి టిక్కు పిన్నే పెట్టింది. డ్యూటీ ఎక్కగానే నర్సులందరూ ముందు ఆయన దగ్గరికే వెళ్ళేవారు, నిచ్చెన ఇవాళ ఎన్ని మెట్లు పెరిగిందో చూద్దామని.