దావీదు మేస్త్రీ ఇనుప పలకలు

పల్లీ నూనె మరిగే వాసన వస్తే ఇప్పటికీ నా చూపు ముందు నేల మీదికే పోతుంది, మురుగు ఎటు పారుతోందో చూడడానికి. మొన్న మిర్యాలగూడలో మిర్చిబజ్జీల బండి దగ్గరా అదే పని చేస్తే మా కోడలు నవ్వింది. ఈ జబ్బు నాకు అంటించింది దావీదు మేస్త్రీ.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన కొత్తలో సూర్యాపేటలో ఒక నూనె మిల్లులో నేను ఇంజను నడిపేవాణ్ణి. నా పైన ఆయన మేస్త్రీ, కోదాడ మనిషి. నూనె పిండే గుడ్డలు సబ్బుతో ఉతికిన నీళ్లు పాలలా తెల్లగా ఉండేవి. ఎంతసేపు నిలవబెట్టినా నూనె విడేది కాదు. ఆ నీళ్లు పోయే కాలువ పక్కనే కూలీల వాడకు మంచినీళ్ల బావి. మేస్త్రీ ఒక తొట్టి కట్టించి, ఆ నీళ్లలో ఉప్పు వేసి, ఇనుప పలకలు దించి, దీపాల డైనమో తీగలు కలిపాడు.

"కరెంటుకు నూనె భయపడి ఉరుకుతదా మేస్త్రీ?" అని వేళాకోళం చేశాను.

గంట తిరక్కుండా నూనె తుప్పురంగు తెట్టుగా పైకి తేలింది. కింద నీళ్లు తేట. ఆయన మాత్రం ఒక కాగితం ముంచి, ఆరబెట్టి, వెలుతురుకు ఎత్తి చూశాడు. నూనె మరక ఉంది. "కంటికి తేటగా ఉంటే చాలదురా, కాగితం ఒప్పుకోవాలి," అని మళ్లీ డైనమో వేయించాడు.

ఆయన మోతె అనే ఊళ్లో పెళ్లికి వెళ్లిన రోజు పలకలకు జిడ్డు పట్టింది; గీకితే గానీ కరెంటు సరిగా పారదు. గీకాలంటే బద్ధకమేసింది. కాగితం ముంచకుండానే తొట్టి తూము తెరిచి నీళ్లు కాలువలోకి వదిలేశాను. మర్నాడు వాడలోని నీలమ్మ బిందెతో వచ్చింది.

"బాయిల జిడ్డు తేలుతున్నది మేస్త్రీ! పోరగాండ్లకేం తాపాలె?"

మేస్త్రీ పలకలను చూశాడు, నన్ను చూశాడు. "తప్పు నాదమ్మా. తొట్టి నాది. బావి నేను తోడిస్తాను."

మూడు రోజులు ఇద్దరం మోట తోలాం. చివరికి నేనే అడిగాను: "తప్పు నాదని నీలమ్మకు జెప్పాల్నా మేస్త్రీ?"

"అది నన్నడగొద్దు," అన్నాడు.

నేను చెప్పలేదు. సిగ్గేసింది, ఆ తర్వాత అలవాటైపోయింది. ఆయన పోయిన రోజు చర్చి ముందు నీలమ్మ, "తప్పు జేసి ఒప్పుకున్నోణ్ణి గాయిన ఒక్కణ్ణే సూసిన," అని ఏడ్చింది. ఆ పక్కనే నిలబడి కూడా నేను నోరు విప్పలేదు. ఇప్పుడు నీలమ్మ కూడా లేదు.