యాదమ్మక్కతో లంక ప్రయాణం

శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీల ఎదురుగా నాకొక జిరాక్స్ షాపుంది. పద్నాలుగేళ్లుగా పిల్లలకు పాస్‌పోర్టు ఫారాలు, వీసా ఫారాలు ఆన్‌లైన్‌లో నింపి పెడుతున్నాను. నా పాస్‌పోర్టు కూడా ఎప్పుడో తీసుకున్నాను కానీ అందులో ఒక్క ముద్ర పడలేదు. ముద్ర పడాలన్న కోరిక నాది. అక్కను తీసుకుపోదామన్నది తర్వాత పుట్టిన ఆలోచన.

మా అక్క యాదమ్మది యాచారం. బావ పోయాక నాలుగెకరాల చెలక ఒక్కతే చేసుకునేది. వాన మీదే పండే మెట్ట నేల. కంది, జొన్న, ఒక మూలకు కూరగాయలు. ఆ భూమి సర్కారు భూసేకరణలో పోయింది. అప్పటి నుంచి రెండేళ్లుగా అక్క వాకిలి దాటడమే తగ్గించింది. ఫోన్ చేస్తే "తిన్న, మంచిగనే ఉన్న" అని రెండు మాటలు చెప్పి పెట్టేసేది. ఒక ఆదివారం మేముండే ఇబ్రహీంపట్నం నుంచి బస్సెక్కి వెళ్లి అడిగాను.

"అక్కా, శ్రీలంక పోదామా? చుట్టూ సముద్రమే ఉంటది."

"నేనొచ్చి ఏం జేస్త?"

"ఏం జెయ్యకు. ఊకె సూడు."

అక్క చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరింది. "గన్ని నీళ్లు ఒక్కకాడ ఎట్లుంటయో, సూద్దాం తియ్" అంది చివరికి. మూడు బోర్లు వేయించి మూడింట్లోనూ దుమ్మే చూసిన మనిషి.

మారిషస్, మాల్దీవుల గురించి కూడా చదివాను. లంక దగ్గర, రెండు గంటల విమానం. అక్కడ అన్నం దొరుకుతుంది. టైము కూడా మనదే, వాచీ మార్చుకునే పని లేదు. నైరుతి తీరంలో జనవరి, ఫిబ్రవరిలో వానలు తక్కువంటే ఫిబ్రవరి మొదటి వారానికి అనుకున్నాం.

అక్క పాస్‌పోర్టుకే ఎక్కువ తిరిగాం. ఉదయం ఏడున్నరకు ఇబ్రహీంపట్నం బస్టాండులో సిటీ బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే ఇద్దరికీ జీరో టికెట్. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో. పాస్‌పోర్టు కేంద్రంలో పది గంటలకు మా వంతు వచ్చింది. కౌంటర్లో అమ్మాయి వేలిముద్రలు పెట్టమంది. అక్క వేళ్లు మిషన్‌కు పడలేదు. నలభై ఏళ్లు కలుపు తీసిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచారు, మళ్లీ పెట్టించారు. ఆరోసారో ఏడోసారో పడ్డాయి.

పోలీసు విచారణకు కానిస్టేబుల్ ఇంటికి వస్తే వాడకట్టంతా గుమిగూడిందట. "ఏం కేసు యాదమ్మ?" అని పక్కింటామె అడిగితే, "లంకకు పోతున్న" అని చెప్పిందట అక్క. ఎవరూ నమ్మలేదని నాకు ఫోన్లో చెప్తూ కొంచెం నవ్వింది. ఆ నవ్వు విని విమానం టికెట్లు అదే రోజు కొనేశాను. రానుపోను టికెట్లు, ఐదు రాత్రుల బస, తిండి అన్నీ కలిపి ఇద్దరికీ లక్ష లోపే అయింది. లంకకు ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. దాని నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు మీరే చూసుకోవడం మంచిది.

బయల్దేరిన రోజు పొద్దున ఆరు గంటలకు మా ఆయన కారులో దింపాడు. బొంగ్లూర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే విమానాశ్రయం ముప్పావుగంట. పదిన్నరకు విమానం లేచింది. అక్క కళ్లు మూసుకోలేదు, భయపడలేదు. కిటికీలోంచి కిందికి చూసి, "అన్నీ చెలకలే, మడి ఒక్కటి కండ్లబడ్తలేదు" అని మాత్రం అంది. కొలంబోలో ముద్ర వేయించుకుని, బస్సులో ఊళ్లోకి వచ్చి, కోట స్టేషన్‌లో మూడున్నర బండి పట్టుకున్నాం. దక్షిణానికి పోయేటప్పుడు కుడివైపు కూర్చోండి, సముద్రం పట్టాల పక్కనే వస్తుంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన అక్కకు కిటికీ సీటు ఇచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో "మొదటిసారా?" అని అడిగాడు. అవునన్నాను.

మేం బస తీసుకున్న హిక్కడువలో దిగేసరికి ఆరు కావొస్తోంది. ఆటో మాట్లాడి, సామాను అందులోనే ఉంచి అక్కను తీరానికి తీసుకుపోయాను. అక్క చీర కొంచెం ఎత్తి పట్టుకుని మోకాళ్ల దాకా పోయింది. దోసిట నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఉప్పు."

"సముద్రం ఉప్పగనే ఉంటది కదక్కా."

"తెలుసు. అయినా ఒక్క మడికి పనికిరాని నీళ్లు ఇన్ని ఎందుకున్నయే?"

ఒడ్డుకు వచ్చి ఇసుకలో కూలబడింది. ఏడ్చింది. భూమి పోయిన రోజు కూడా ఏడవలేదు. రెండేళ్లు లోపల పెట్టుకున్నది అక్కడ, ముక్కూమొహం తెలియని జనం మధ్య వచ్చేసింది. నేను భుజం మీద చెయ్యి వేస్తే తీసేసింది. గదికి చేరాక అన్నం ముట్టలేదు. "ఇంటికి పోదాం సుజాత, రేపే పోదాం" అంది. టికెట్లు మార్చుకోవచ్చేమో ఫోన్లో వెతికాను. ముద్ర కోసం అక్కను ఇంత దూరం లాక్కొచ్చానా అనిపించింది.

పొద్దున ఆరున్నరకు లేచి చూస్తే అక్క మంచం ఖాళీ. బసకు ఇచ్చిన ఇల్లు మాలనీ అనే ఆమెది. వయసు మా అక్క అంతే ఉంటుంది, ఒక్కతే ఉంటుంది. ఇంటి వెనక ఆమెకు చిన్న తోట ఉంది. అక్క అక్కడ బెండ మొక్కల మధ్య గొంతుక్కూర్చుని కలుపు తీస్తోంది. మాలనీ పక్క సాలులో తీస్తోంది. ఒకరి భాష ఒకరికి రాదు. మాలనీ మాత్రం "అక్కా" అనే పిలుస్తోంది, సింహళంలో కూడా అక్కను అక్క అనే అంటారట.

నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో ఇద్దరి మధ్య కూర్చున్నాను. సునామీకి మాలనీ ఇల్లు పోయిందట. ఇల్లు కట్టుకున్నా నేల ఉప్పు పట్టి ఏది వేసినా మాడిపోయిందట. అది నేను తెలుగులో చెప్పగానే కలుపు తీసే అక్క చెయ్యి ఆగిపోయింది.

"ఎన్నేండ్లకు మొలిసిందో అడుగు."

అడిగాను. "మూడేళ్లకు" అంది మాలనీ. వానలకు ఉప్పు కొట్టుకుపోయేదాకా ఏటా కొన్ని గింజలు వేసి చూసేదట.

"మొలవదని తెలిసి గూడ ఏసిందా?"

అది కూడా అడిగాను. మాలనీ కలుపు తీస్తూనే, "వేయకపోతే మొలిచే ఏడు వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?" అంది.

అక్క కలుపు తీసుకుంటూ ఆ సాలు చివరిదాకా పోయింది. ఎనిమిదింటికి మాలనీ బియ్యప్పిండి సేమ్యాలాంటి ఇడియప్పం, కొబ్బరి పచ్చడి పెడితే రెండుసార్లు అడిగి తింది. ఇంటికి పోదామన్న మాట మళ్లీ రాలేదు.

మిగిలిన రోజులు అనుకున్నట్టే గడిచాయి. గాల్ కోట గోడ మీద నడిచాం, నారింజ రంగు కొబ్బరిబోండాలు తాగాం. తాబేళ్లు చూడ్డానికి నేనొక్కదాన్నే పోయాను, అక్క తోటలోనే ఉంది. బయల్దేరే పొద్దున మాలనీ అక్క రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ఏవో మాట్లాడుకున్నారు, ఎవరి భాషలో వాళ్లు.

తిరుగు విమానం మధ్యాహ్నం మూడున్నరకు దిగింది. కారు ఔటర్ ఎక్కాక అక్క నాతో నెమ్మదిగా అంది: "మా ఆడబిడ్డకు ఎకరం చెలక ఎవ్వలు దున్నక పడావున్నది. కౌలుకియ్యమని అడుగుత."

"ఆమె ఇస్తదా?"

"ఏమో. ఇయ్యకపోతే ఇంకొకల్లని అడుగుత."

ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి చేరేసరికి ఐదున్నర. ఈ రాత్రికి ఉండి, రేపు తీరిగ్గా వెళ్దువు అన్నాను. చాయ్ పెట్టాను. అక్క నిలబడే తాగింది. ఆడబిడ్డ పొద్దున్నే కూలికి పోతుందని, పట్టుకోవాలంటే ఇవాళే పట్టుకోవాలని చెప్పి బస్టాండుకు నడిచింది. సూట్‌కేసు నా దగ్గరే వదిలేసింది.

యాచారం బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయట పెట్టి, "బట్టలు ఉతకకు, నేనే వచ్చి తీస్కపోత" అంది. పది రోజులైనా ఆమె రాలేదు. నేనే సూట్‌కేసు తీసుకెళ్లి, ఆడబిడ్డ చెలకలో దున్నకం చేయిస్తున్న అక్కకు ఇచ్చి వచ్చాను.